గుడ్డు, పాలు, కాన్పు: ఏది ముందు, ఏది వెనక

గుంటూరు బ్రాడీపేటలోగానీ విజయవాడ బెంజి సర్కిల్ పక్క సందుల్లోగానీ ఏ కోచింగ్ సెంటర్ బిట్ బ్యాంక్ తెరిచినా ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట తగులుతుంది: "కింది వాటిలో గుడ్లు పెట్టే క్షీరదం ఏది?" గబ్బిలం, తిమింగలం, కంగారూ, ప్లాటిపస్. పిల్లలు ఆలోచించను కూడా ఆలోచించరు. నాలుగోదాని మీద టిక్ పెట్టి కింది బిట్‌కు వెళ్లిపోతారు. పేపర్ కాస్త కష్టంగా ఉండాలనుకున్న మాస్టారు ప్లాటిపస్ తీసేసి ఎకిడ్నా పెడతారు. ఎలాగూ మార్కు వస్తుంది. తర్వాత "క్షీరదమై ఉండి గుడ్డెందుకు పెడుతుందిరా?" అని అడిగి చూడండి. జువాలజీ చెప్పేవాళ్లందరికీ బాగా తెలిసిన జవాబే వస్తుంది: "అది పక్షికీ క్షీరదానికీ మధ్య కనెక్టింగ్ లింక్ కదా సార్."

కాదు. ఎంత కాదంటే, ఈ ముడి విప్పడం మొదలుపెడితే అసలు మన అమ్మలకు పాలు ఎక్కడినుంచి వచ్చాయన్న ప్రశ్న దాకా వెళ్లాలి. పిల్లల తప్పేం లేదు. యూరప్‌లో మహామహా పండితులే ఈ విషయం మీద దాదాపు తొంభై ఏళ్లు కొట్టుకున్నారు.

ముందు ఆ జంతువులేంటో చూద్దాం. గుడ్లు పెట్టి పాలిచ్చే జంతువులు ఇప్పుడు భూమ్మీద అయిదు జాతులే మిగిలాయి. ఒకటి ప్లాటిపస్, తూర్పు ఆస్ట్రేలియా, టాస్మానియా వాగుల్లో, నదుల్లో తిరుగుతుంది. మిగతా నాలుగూ ఎకిడ్నాలు. పొట్టి ముట్టె ఎకిడ్నా ఆస్ట్రేలియా అంతటా, న్యూగినీలో కొంత మేరా ఉంటుంది. పొడుగు ముట్టె ఎకిడ్నాలు మూడు జాతులు, మూడూ న్యూగినీ కొండల్లోనే ఉంటాయి. మలమూత్రాలకూ గుడ్డుకూ అన్నిటికీ ఒకటే ద్వారం. జువాలజీ పుస్తకాల్లో దాన్ని అవస్కరం అంటారు. ఈ లక్షణాన్ని బట్టే వీటికి మోనోట్రీములన్న పేరు పెట్టారు.

ఫొటోలో ఎకిడ్నాను చూపిస్తే మనవాళ్లు చప్పున "ముళ్లపంది" అంటారు. ముళ్లు చూస్తే అలాగే ఉంటుంది. తిండి చూస్తే అలుగు గుర్తొస్తుంది: పళ్లు లేవు, జిగురు పట్టిన పొడవాటి నాలుక, చెదపుట్టను గోళ్లతో తవ్వి లోపలున్నవాటిని నాకేయడం. ముళ్లపందీ అలుగూ రెండూ మన నల్లమలలోనే ఉన్నాయి. కానీ ఎకిడ్నాకు ఆ రెండిటితో ప్రత్యేకమైన చుట్టరికమేమీ లేదు. ముళ్లపందికి ఎలుక దగ్గరి బంధువు, అలుగుకు పిల్లీ కుక్కా దగ్గరివి. చీమలూ చెదలూ తిని బతకాలంటే పొడుగు నాలుక కావాలి, మెత్తటి ఒంటిని కాపాడుకోవాలంటే ముల్లో పొలుసో కావాలి. వేర్వేరు వంశాలు వేర్వేరు ఖండాల్లో విడివిడిగా అదే దారి పట్టాయి. పైకి కనిపించే పోలికను చూసి చుట్టరికం కలపకూడదని ఇక్కడే ఒక హెచ్చరిక ఉంది. ప్లాటిపస్ ముట్టె బాతు ముక్కులా ఉందని పక్షితో ముడిపెట్టడం కూడా అలాంటిదే. ఆ ముట్టె పక్షి ముక్కులా గట్టిది కాదు, మెత్తటి చర్మంతో కప్పి ఉంటుంది.

పక్షి ఇంకా పుట్టలేదు

సుమారు 32 కోట్ల ఏళ్ల కిందట నేల మీద గుడ్లు పెట్టే వెన్నెముక జీవులు రెండు పాయలుగా చీలాయి. ఒక పాయనుంచి బల్లులు, పాములు, తాబేళ్లు, మొసళ్లు, డైనోసార్లు, చివరికి డైనోసార్లలోంచి పక్షులు వచ్చాయి. రెండో పాయనుంచి మనం, అంటే క్షీరదాలం వచ్చాం. గుడ్డు పెట్టడం ఆ చీలిక కంటే ముందునుంచీ ఉంది, రెండు పాయలకూ ఉమ్మడి ఆస్తి. ఎకిడ్నా గుడ్డు పక్షి దగ్గర్నుంచి తెచ్చుకున్నది కాదు, తాతముత్తాతలనుంచి వచ్చింది.

లెక్క ఇంకా తమాషాగా ఉంది. 2021లో ప్లాటిపస్, ఎకిడ్నాల జీనోములను, అంటే వాటి మొత్తం జన్యు సమాచారాన్ని, క్రోమోజోముల స్థాయి దాకా చదివి నేచర్ పత్రికలో వేశారు. దాని ప్రకారం మోనోట్రీములు మిగతా క్షీరదాలనుంచి విడిపోయి సుమారు 18 కోట్ల 70 లక్షల ఏళ్లయింది. బడి పుస్తకాల్లో తొలి పక్షిగా చదువుకునే ఆర్కియోప్టెరిక్స్ వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. అంటే మోనోట్రీములు తమ దారి తాము చూసుకునే నాటికి పక్షి అన్నదే ఇంకా లేదు. లేని పక్షికి ఇవి లింకు ఎలా అవుతాయి?

మరి మనకంటే "పాత" జంతువు అనొచ్చా? అదీ కుదరదు. మీ పెదనాన్నగారబ్బాయి ఇప్పటికీ తాతగారి పెంకుటింట్లోనే ఉంటున్నాడు, మీరు అపార్ట్‌మెంట్‌కు మారారు అనుకుందాం. అంతమాత్రాన ఆయన మీకు తాత అయిపోడు, మీ ఈడువాడే. పైగా ఆ పెంకుటింటికి లోపల ఆయన ఎన్ని మార్పులు చేయించాడో వీధిలోంచి చూస్తే తెలియదు. ఎకిడ్నా విషయంలో ఆ మార్పులు చాలానే ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

తొంభై ఏళ్ల పేచీ

1798లో న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ జాన్ హంటర్ ఒక ప్లాటిపస్ చర్మాన్ని ఇంగ్లండ్‌కు పంపించాడు. మరుసటి ఏడాది దాన్ని వర్ణించిన జార్జ్ షా ఎవరో బాతు ముక్కు తెచ్చి ఏదో నాలుగు కాళ్ల జంతువుకు కుట్టారేమోనని అనుమానపడ్డాడు. ఆ అనుమానాన్ని తన రాతలోనే ఒప్పుకున్నాడు. ఎకిడ్నాను అంతకు ఏడేళ్ల ముందే, 1792లో, ఆయనే లోకానికి పరిచయం చేశాడు. అప్పుడు దాన్ని ముళ్లున్న చీమలుతినే జంతువు అనుకున్నాడు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. ఫ్రాన్సులో జెఫ్రాయ్ సెయింట్ ఇలేర్ వీటికి మోనోట్రీములని పేరు పెట్టి, ఇవి గుడ్లే పెడతాయని పట్టుబట్టాడు. 1820ల్లో జర్మనీలో యోహాన్ మెకెల్ ఆడ ప్లాటిపస్‌ను కోసి చూసి పాల గ్రంథులున్నాయని చెప్పాడు. జెఫ్రాయ్ ఒప్పుకోలేదు, అవి పాల గ్రంథులు కావన్నాడు. ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఓవెన్ పాలున్నాయని ఒప్పుకుని, గుడ్లు బయటికి పెట్టవని, అవి కడుపులోనే పొదిగి పిల్లలుగా బయటపడతాయని వాదించాడు. ముగ్గురూ గట్టివాళ్లే. గుడ్డును నమ్మినవాడు పాలను కాదన్నాడు, పాలను చూసినవాడు గుడ్డును కాదన్నాడు. ఒకే జంతువుకు రెండూ ఉండొచ్చన్న ఊహను మాత్రం ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. ఆధారాల కొరత ఒక కారణమే. కానీ వాళ్ల బుర్రల్లో ఉన్న అల్మారాలో పాలకు ఒక అర, గుడ్డుకు ఒక అర విడివిడిగా ఉండడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఈ పేచీలో మన బెజవాడ పాఠకులకు బాగా తెలిసిన ఒకాయన కూడా ఇరుక్కున్నాడు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఆయన బొమ్మ చూడని తరం లేదు: కార్ల్ మార్క్స్ సహచరుడు ఫ్రెడరిక్ ఎంగెల్స్. 1843లో మాంచెస్టర్‌లో ప్లాటిపస్ గుడ్లంటూ చూపిస్తే, పాలిచ్చే జంతువు గుడ్లు పెట్టడమేంటని ఆయన ఎగతాళి చేశాడు. యాభై ఏళ్ల తర్వాత, 1895 మార్చిలో, కాన్రాడ్ ష్మిట్ అనే ఆయనకు రాసిన ఉత్తరంలో ఆ సంగతి తనే బయటపెట్టుకుని, తర్వాత ప్లాటిపస్‌కు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చిందన్నాడు. అక్కడ ఆయన అసలు చెప్పదలుచుకుంది జంతుశాస్త్రం కాదు. మనం గీసుకున్న నిర్వచనాలు ప్రకృతికి అచ్చంగా అతకవని, అతకనంత మాత్రాన అవి ఉత్త కల్పనలైపోవని. మోనోట్రీముల మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం జీవశాస్త్రజ్ఞుల్లో కూడా అరుదుగా దొరుకుతుంది.

పేచీ 1884లో తేలింది. కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన విలియం హే కాల్డ్‌వెల్ అనే యువకుడు క్వీన్స్‌లాండ్‌లోని బర్నెట్ నది ఒడ్డున మకాం వేసి, సుమారు 150 మంది ఆదివాసులను పెట్టుకుని ఎకిడ్నాలనూ ప్లాటిపస్‌లనూ వందలకొద్దీ పట్టించాడు. ఒక గుడ్డు పెట్టి, రెండో గుడ్డు ఇంకా లోపలే ఉన్న ఆడ ప్లాటిపస్ దొరికింది. వెంటనే టెలిగ్రాం కొట్టించాడు: మోనోట్రీములు గుడ్లు పెడతాయి, గుడ్డులో కొంత భాగమే విభజన చెందుతుంది. ఈ రెండో ముక్క పండితులకు ముఖ్యం. మన అండం మొత్తంగా రెండుగా, నాలుగుగా చీలుతుంది. సొన ఎక్కువున్న గుడ్డులో, కోడిగుడ్డులో లాగా, పైనున్న చిన్న చుక్క మాత్రమే చీలుతుంది. ఆ టెలిగ్రాంను 1884 సెప్టెంబర్ 2న మాంట్రియల్‌లో జరుగుతున్న బ్రిటిష్ అసోసియేషన్ సభలో చదివారు. విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే రోజు అడిలైడ్‌లో విల్‌హెల్మ్ హాకే అనే మ్యూజియం డైరెక్టర్ ఎకిడ్నా పొట్ట సంచిలో దొరికిన గుడ్డును అక్కడి రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

కాల్డ్‌వెల్ కథలో పాఠ్యపుస్తకాలకు ఎక్కని ముక్క ఒకటుంది. ఆడ ఎకిడ్నాకు ఇంత అని ఆదివాసులకు కూలీ ఇచ్చేవాడు. వాళ్లకు పిండి, టీ, చక్కెర అమ్మేవాడూ ఆయనే. జంతువులు ఎక్కువగా వచ్చేకొద్దీ సరుకుల ధర పెంచేవాడు, కూలీ డబ్బు ఎప్పుడూ ఆకలి తీరేంత కాకుండా చూసుకునేవాడు. ఈ మాట ఎవరో ఆయన మీద వేసిన నింద కాదు, ఆయనే గొప్పగా రాసుకున్నాడు. పైగా ప్లాటిపస్ గుడ్లు పెడుతుందని ఆ నేల మీది జనం యూరోపియన్లకు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. వాళ్ల మాటను సాక్ష్యంగా లెక్కేయలేదు. కనిపెట్టినవాడు కాల్డ్‌వెల్ అని మనం బట్టీ పడుతున్నాం.

చర్మంలోంచి ఊరే పాలు

ఇప్పుడు గుడ్డు సంగతి. ఎకిడ్నా ఏడాదికి ఒక్క గుడ్డుకు మించి పెట్టదు. అండాశయంనుంచి బయటపడ్డప్పుడు అది నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది. గర్భసంచిలో ఉండగా దాని మెత్తటి పెంకు గుండా తల్లి స్రవించే పోషకాలను పీల్చుకుంటూ పెరిగి, పెట్టే సమయానికి ఒకటిన్నర సెంటీమీటర్ అవుతుంది. కోడిగుడ్డు అలా కాదు. దానికి కావలసిన తిండంతా సొనలో ముందే సర్దేసి ఉంటుంది. అంటే గర్భంలో ఉంచి పిండానికి తిండి పెట్టే పద్ధతి ఎకిడ్నాలోనే కొద్దిగా మొదలైంది. గుడ్డుకూ కాన్పుకూ మధ్య మనం ఊహించుకునే గోడ ఇక్కడే సగం కూలిపోతుంది.

గుడ్డు పెంకు తోలులా మెత్తగా ఉంటుంది. తల్లి దాన్ని తన పొట్ట మీద అప్పటికి ఏర్పడిన సంచిలోకి చేర్చుకుంటుంది. పది పదకొండు రోజులకు పిల్ల మూతి మీదున్న చిన్న పంటితో పెంకు చీల్చుకుని బయటికి వస్తుంది. బరువు అర గ్రాము కూడా ఉండదు. కళ్లు తెరుచుకోవు, వెంట్రుకల్లేవు, వెనక కాళ్లు మొగ్గల్లాగే ఉంటాయి. ముందు కాళ్లు మాత్రం గట్టివి, వాటితో తల్లి వెంట్రుకలను పట్టుకుని వేలాడుతుంది. ప్లాటిపస్‌కు సంచి లేదు. వాగు ఒడ్డున తవ్వుకున్న బొరియలో సాధారణంగా రెండు గుడ్లు పెట్టి, తోకకూ పొట్టకూ మధ్య అదిమిపెట్టుకుని పొదుగుతుంది.

పాలు ఎలా తాగుతుంది? చనుమొనలు లేవు. సంచి లోపల చర్మం మీద రెండు చోట్ల పాల మచ్చలుంటాయి, వాటి కిందున్న గ్రంథుల్లోంచి పాలు చిన్న చిన్న రంధ్రాల గుండా చర్మం మీదికే ఊరతాయి. పిల్ల అక్కడ మూతి ఆనించి పీల్చుకుంటుంది. సుమారు యాభై రోజులకు ముళ్లు మొలవడం మొదలవుతుంది. అప్పుడిక తల్లి దాన్ని సంచిలో మోయదు. ముళ్ల పిల్లను పొట్టకు కట్టుకుని ఎవరు తిరుగుతారు? బొరియలో దింపి, దాని నోరు మూసి, మేతకు పోతుంది. నాలుగైదు రోజులకోసారి వచ్చి కడుపునిండా పాలిచ్చి మళ్లీ వెళ్తుంది. ఆరేడు నెలలకు పాలు మాన్పిస్తుంది.

చర్మం మీద ఊరే పాలతో ఒక చిక్కుంది. చనుమొన అయితే పాలు నేరుగా నోట్లోకి పోతాయి. ఇక్కడ అవి ముందు సంచిలో, బొరియ మట్టిలో ఉన్న బ్యాక్టీరియా మధ్యకు వస్తాయి. రోగాలతో పోరాడే శక్తి లేని పిల్ల వాటినే తాగాలి. మోనోట్రీముల పాలలో బ్యాక్టీరియాను చంపే ప్రత్యేకమైన ప్రోటీన్లు ఉండడం అందుకేనని అంటారు. వాటిలో ఒకదాని ఆకారాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో బయటపెట్టారు. అంతకుముందు ఏ ప్రోటీన్‌లోనూ కనబడని మడతలు అందులో ఉన్నాయి. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులతో ఆసుపత్రులు సతమతమవుతున్న ఈ రోజుల్లో దానిమీద ఆసక్తి ఉండడం సహజం. అయితే "ప్లాటిపస్ పాలతో మందు వచ్చేసింది" అని వాట్సాప్‌లో వస్తే నమ్మొద్దు. అంత దూరం ఇంకా వెళ్లలేదు.

ఇక అసలు ప్రశ్న. పాలు ఎందుకు పుట్టాయి? పిల్లకు తిండి పెట్టడానికి అని మనమంటాం. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో పాల మీద పరిశోధనలోనే జీవితం గడిపిన ఒలావ్ ఆఫ్‌టెడాల్ వేరే సంగతి చెప్పాడు. మెత్తటి పెంకున్న గుడ్డు గాలి తగిలితే ఇట్టే ఎండిపోతుంది. మన పూర్వీకుల ఒళ్లు వెచ్చబడుతున్నకొద్దీ ఆ గుడ్లను పొదగడం మరీ ప్రమాదం. వెంట్రుకల మొదళ్ల దగ్గరుండే చర్మ గ్రంథులు కాస్త తేమ ఊరిస్తే గుడ్డు తడిగా ఉంటుంది, అందులో సూక్ష్మజీవులను చంపేవి కూడా కలిస్తే గుడ్డుకు బూజు పట్టదు. పాలు ఇలా గుడ్డుకు పూసే తడిగా మొదలయ్యాయని, పుట్టిన పిల్ల దాన్నే నాకడంతో క్రమంగా తిండిగా మారాయని ఆయన వాదన. కళ్లారా చూసినవాళ్లెవరూ లేరు కాబట్టి దీన్ని ఊహ అనే అనాలి. కానీ ఎకిడ్నా పాల గ్రంథులు నేటికీ వెంట్రుకల మొదళ్లనే అంటిపెట్టుకుని ఉన్నాయి, నా దృష్టిలో అది చిన్న సాక్ష్యం కాదు.

జన్యువులు చెప్పే సాక్ష్యం ఇంకా గట్టిది. గుడ్డులో సొన తయారు కావాలంటే విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ కావాలి. కోడికి ఆ జన్యువులు మూడున్నాయి. ప్లాటిపస్‌కు పనిచేసేది ఒక్కటే మిగిలింది. మనకు? సున్నా. కానీ పూర్తిగా చెరిగిపోలేదు, విరిగిపోయి పనికిరాని ముక్కలుగా మన డీఎన్ఏలో ఇప్పటికీ పడి ఉన్నాయి. 2008లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ శిథిలాలను వెతికి తీశారు. పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ కేసిన్. దాని జన్యువులు మాత్రం ప్లాటిపస్‌తో సహా క్షీరదాలన్నిటికీ ఉన్నాయి, అంటే మనమంతా విడిపోకముందే వచ్చాయి.

ఈ రెండూ పక్కపక్కన పెడితే వరస తెలిసిపోతుంది. గుడ్డు మొదటినుంచీ ఉంది. గుడ్లు పెట్టే రోజుల్లోనే పాలొచ్చాయి. పాలు వచ్చాక సొన మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గింది, ఒక్కో సొన జన్యువు చెడిపోయినా పిల్ల బతికింది. చివరగా, మోనోట్రీములు విడిపోయిన తర్వాత మిగిలిన పాయలో, గుడ్డు పెంకు పోయి కాన్పు వచ్చింది. కాన్పు వచ్చింది కాబట్టి పాలొచ్చాయని చాలామంది అనుకుంటారు, నిజానికి వరస తిరగేసి ఉంది. గుంటూరులో ఏ స్కానింగ్ సెంటర్‌లోనైనా తొలి నెలల గర్భాన్ని చూసే డాక్టరు, పిండం పక్కన గుండ్రంగా చిన్న సంచి కనబడిందా లేదా అని ముందు చూసుకుంటారు. రిపోర్టులో యోక్ శాక్ అని రాసేది దాన్నే. అందులో సొన ఉండదు. సొన పోయి కోట్ల ఏళ్లయినా దాని సంచి మాత్రం ప్రతి మనిషి పిండంలోనూ తయారవుతూనే ఉంది, తొలి వారాల్లో రక్తకణాలు పుట్టించడం లాంటి వేరే పనులు చేస్తోంది.

పెంకుటింటి లోపలి మార్పులు

మోనోట్రీములను "ఆదిమ క్షీరదాలు" అని రాయడం పుస్తకాలకు అలవాటు. గుడ్డు పాతదే, భుజం ఎముకల అమరిక కూడా పాతదే, ఒంటి వేడి మనకంటే తక్కువ, 32 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఇంతవరకూ సరే. కానీ ప్లాటిపస్ కడుపులో ఆమ్లం ఊరదు. ఆమ్లానికీ, ప్రోటీన్లను అరిగించే పెప్సిన్‌కూ సంబంధించిన జన్యువులే పోయాయి. పూర్వీకులకు ఉన్న ఆమ్ల జీర్ణాశయాన్ని ఇది వదిలించుకుందన్నమాట. పళ్లు కూడా అంతే. ప్లాటిపస్ పూర్వీకులకు దంతాలున్నాయి, నేటి పిల్లలకూ చిన్నప్పుడు వస్తాయి, తర్వాత రాలిపోతాయి.

వచ్చి చేరినవీ తక్కువేం కాదు. ప్లాటిపస్ నీళ్లలో మునిగితే కళ్లు, చెవులు, ముక్కు మూసుకుని వేటాడుతుంది. ముట్టె మీదున్న సుమారు 40,000 విద్యుత్ గ్రాహకాలు రొయ్య కండరం కదిలితే పుట్టే సన్నటి కరెంటును పసిగడతాయి. 1986లో జర్మన్, ఆస్ట్రేలియా పరిశోధకులు నీటి అడుగున మామూలు బ్యాటరీ పెడితే అది వెతుక్కుంటూ వచ్చింది. పొడుగు ముట్టె ఎకిడ్నాకు ఈ గ్రాహకాలు సుమారు 2,000, పొట్టి ముట్టె దానికి 400. మగ ప్లాటిపస్ వెనక కాలికి విషపు ముల్లు ఉంది, కుచ్చుకుంటే మనిషికి వచ్చే నొప్పి మార్ఫిన్‌కు కూడా సరిగా లొంగదు. ఆ విషం పాములనుంచి వచ్చింది కాదు, రోగనిరోధక ప్రోటీన్లనే మార్చుకుని సొంతంగా తయారుచేసుకున్నది.

లింగ క్రోమోజోముల దగ్గర నీట్ పిల్లలకు తల తిరుగుతుంది. మనకు రెండు: ఎక్స్, వై. ప్లాటిపస్‌కు పది, మగదానికి అయిదు ఎక్స్‌లు, అయిదు వైలు. మగ ఎకిడ్నాకు తొమ్మిది. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఇవన్నీ గొలుసులా ఒకదాన్నొకటి పట్టుకుని, ఎక్స్‌లన్నీ ఒకవైపు, వైలన్నీ ఒకవైపు సర్దుకుంటాయి. ఆ ఎక్స్‌లలో కొంత భాగం కోడి లింగ క్రోమోజోమ్ అయిన జెడ్‌ను పోలి ఉంది. దీన్ని పట్టుకుని 2008లో ప్లాటిపస్ జీనోమ్ వెలువడినప్పుడు చాలా పత్రికలు "సగం పక్షి, సగం పాము, సగం క్షీరదం" తరహా హెడ్డింగులు పెట్టాయి. మూడు సగాలెలా అయ్యాయో వాళ్లకే తెలియాలి. మన ఎక్స్‌కు సరిపోలేది మాత్రం ప్లాటిపస్‌లో ఒక మామూలు క్రోమోజోమ్. అంటే ఆడమగలను నిర్ణయించే ఏర్పాటు రెండు పాయల్లో విడివిడిగా కుదిరింది. ఈ విషయంలో మనమే కొత్త పద్ధతివాళ్లం, వాళ్లు ఇంకో కొత్త పద్ధతివాళ్లు.

ఎముకలు చెప్పేవి

1985లో ఆస్ట్రేలియాలోని లైట్నింగ్ రిడ్జ్ ఒపల్ గనుల్లో రత్నంగా మారిపోయిన దవడ ముక్క ఒకటి వెలుగు చూసింది. స్టెరోపోడాన్ అని పేరు పెట్టారు, వయసు సుమారు పది కోట్ల ఏళ్లు. 1992లో అర్జెంటీనాలోని పటగోనియాలో మోనోట్రీమ్ పన్ను దొరికిందని ప్రకటించారు. ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా అతుక్కుని ఉన్న గోండ్వానా కాలంలో ఇవి చాలా దూరం తిరిగాయని దాంతో తేలింది.

గోండ్వానాలో మనమూ ఉన్నాం. ఇప్పటిదాకా మన దగ్గర మోనోట్రీమ్ ఎముక దొరకలేదు. కానీ ప్రాణహిత గోదావరి లోయలోని కోటా శిలల్లో జురాసిక్ కాలపు చిన్న చిన్న క్షీరదాల పళ్లు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ డైనోసార్ కూడా ఆ శిలల్లోదే. ఆ డైనోసార్ల కాళ్ల మధ్య తిరిగిన ఎలుకంత జంతువులు పిల్లల్ని ఎలా కన్నాయో పళ్లు చూసి చెప్పలేం. దానికి దగ్గరి ఆధారం అమెరికాలోని అరిజోనాలో ఉంది. కాయెంటాథీరియం అనే, క్షీరదాలకు అతి దగ్గరి చుట్టం శిలాజంలో తల్లి పక్కనే 38 పిల్లల ఎముకలు కనిపించాయని 2018లో ప్రకటించారు. నేటి ఏ క్షీరదానికైనా ఒక్క ఈతలో సగటున పుట్టే పిల్లల సంఖ్యకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ, అది గుడ్లు పెట్టే జంతువేననడానికి గట్టి సూచన. గోదావరి ఒడ్డున ఆ కాలంలో తిరిగినవీ గుడ్లే పెట్టి ఉంటాయని అనుకోవడానికి ఇది చాలు.

ఈ మధ్య వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది 2025 నాటి పరిశోధన. ఆస్ట్రేలియాలో డైనోసార్ కోవ్ అనే చోట 1993లో ముందు కాలి పైభాగపు ఎముక (హ్యూమరస్) ఒకటి దొరికింది, క్రయోరిక్టెస్ అనే పది కోట్ల ఏళ్లు దాటిన మోనోట్రీమ్‌ది. బయటినుంచి చూస్తే ఎకిడ్నా ఎముకలా ఉంది. సుజాన్ హ్యాండ్ బృందం దాన్ని కోయకుండా సీటీ స్కాన్ తీసి లోపలికి చూస్తే గోడలు మందంగా, మధ్య ఖాళీ తక్కువగా, ప్లాటిపస్‌లా ఉంది. అంత బరువు ఎముక నీళ్లలో మునగడానికి పనికొస్తుంది. నేల మీద మాత్రమే తిరిగే నేటి ఎకిడ్నా ఎముక తేలిక. అంటే ఎకిడ్నాల పూర్వీకులు నీళ్లలో బతికి, తర్వాత ఒడ్డెక్కాయని ఆ బృందం అంటోంది. నీటినుంచి పూర్తిగా నేలకు తిరిగొచ్చిన క్షీరదాలు అరుదు. ఎకిడ్నా వెనక పాదాలు వెనక్కి తిరిగి ఉండడం, చీమలు తినే జంతువుకు విద్యుత్ గ్రాహకాలు ఉండడం ఈ కోణంలో చూస్తే అర్థమవుతాయి.

మన రోహిణి కార్తెలో ఎకిడ్నా బతుకుతుందా అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. దానికి చెమట పట్టదు, కుక్కలా రొప్పదు. గాలి 35 డిగ్రీలు దాటితే చచ్చిపోతుందని పాత ప్రయోగశాల లెక్కలు. కానీ అంతకంటే వేడిగా ఉండే పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల్లో అవి హాయిగా ఉన్నాయి. కర్టిన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ కూపర్ బృందం థర్మల్ కెమెరాలతో గమనించి 2023లో కిటుకు చెప్పింది. ముక్కులోంచి చీమిడి బుడగలు ఊదుతుంది, అవి పగిలి ముట్టె తడుస్తుంది, ఆ తడి ఆరుతూ అక్కడి రక్తాన్ని చల్లబరుస్తుంది. అది కాక పొట్టనూ కాళ్లనూ చల్లటి నేలకు ఆనించి వేడి వదిలించుకుంటుంది. అయితే ఆరే తడి చల్లదనం ఇచ్చేది పొడి గాలిలో. కృష్ణా ఒడ్డున మే నెల ఉక్కలో ఆ బుడగలు ఏమాత్రం ఆదుకుంటాయో నాకు అనుమానమే.

న్యూగినీ పొడుగు ముట్టె ఎకిడ్నాల్లో ఒకదానికి టీవీ ప్రకృతి చిత్రాలతో పేరుపొందిన సర్ డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టారు. 1961లో ఒక డచ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఇండోనేషియా పాపువాలోని సైక్లోప్స్ కొండల్లో సేకరించిన ఒక్క నమూనా తప్ప ఇంకో జంతువు శాస్త్రవేత్తల కంటపడకుండా ఆరు దశాబ్దాలు గడిచాయి. 2023లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జేమ్స్ కెంప్టన్ బృందం, స్థానిక యాపెండా సంస్థతో కలిసి ఆ కొండల్లో జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే ట్రెయిల్ కెమెరాలు 80కి పైగా బిగించింది. వారాల తరబడి ఏమీ పడలేదు. చివరి రోజు, చివరి మెమరీ కార్డులో, గుబురు పొదల మధ్య నడిచిపోతున్న ఎకిడ్నా కనబడింది. ఆ కొండ కింద యోంగ్సు సపారి ఊరివాళ్లకు మాత్రం ఇది కొత్త జంతువేమీ కాదు. ఇద్దరి మధ్య తగవొస్తే ఒకరిని ఎకిడ్నా కోసం కొండ మీదికి, ఇంకొకరిని మార్లిన్ చేప కోసం సముద్రం మీదికి పంపడం వాళ్ల ఆచారం. రెండూ దొరికాకే రాజీ. వెతకడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి ఈలోగా కోపాలు ఎలాగూ చల్లారతాయి. మోనోట్రీములకు ఏ దేశపు చట్టంలోనూ దొరకనంత గట్టి రక్షణ ఈ ఆచారమేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఎకిడ్నా కొండ మీద లేకపోతే ఊళ్లో తగవు తీరదు.